రీఛార్జబుల్ వైర్‌లెస్ మౌస్: సౌకర్యమెంత, ఆయుష్షెంత

రీఛార్జబుల్ వైర్‌లెస్ మౌస్ అంటే తీగ లేకుండా రేడియో తరంగాలతో కంప్యూటర్‌కు సంకేతాలు పంపుతూ, లోపలి బ్యాటరీని మళ్లీ మళ్లీ ఛార్జింగ్ పెట్టుకొని వాడుకునే మౌస్. బజారులో ఈ పేరుతో అమ్మేవి దాదాపు అన్నీ చిన్న లిథియం బ్యాటరీని లోపలే బిగించి, యూఎస్‌బీ తీగతో ఛార్జ్ చేసే రకం. పెన్సిల్ సెల్లు వేసుకునే మామూలు వైర్‌లెస్ మౌస్‌లో రీఛార్జబుల్ సెల్లు వేసినా జరిగే పని అదే, కానీ దానికి ఆ పేరు పెట్టరు. ఈ రెండు దారుల మధ్య తేడాను కొనేవారు పెద్దగా పట్టించుకోరు. నిజానికి మేలైనా కీడైనా ఎక్కువగా అక్కడే తేలుతుంది. లోపలి బ్యాటరీని వాడేవారు తమ చేత్తో తీసి మార్చుకోగలరా అన్న ఒక్క ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి ఆ మౌస్ ఎన్నేళ్లు పనికొస్తుందో చాలావరకు చెప్పవచ్చు.

నేపథ్యం

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ చేసిన ఆలోచనకు ఆయన సహచరుడు బిల్ ఇంగ్లిష్ 1964లో రూపమిచ్చాడు. చెక్క డొల్ల, దాని అడుగున ఒకదానికొకటి అడ్డంగా తిరిగే రెండు చక్రాలు, ఒక తీగ. తొలి మౌస్ అంతే. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎంగెల్‌బార్ట్ దాన్ని సభలో చూపించాడు. తీగ ఉన్నంతకాలం మౌస్‌కు సొంత బ్యాటరీ అన్న ఊసే లేదు.

స్విట్జర్లాండ్‌లో పుట్టిన లాజిటెక్ సంస్థ 1991లో రేడియో తరంగాలతో పనిచేసే మౌస్‌మ్యాన్ కార్డ్‌లెస్‌ను తెచ్చింది. తీగ పోయింది, సెల్లు వచ్చాయి. ఆ రోజుల్లో మౌస్ అడుగున రబ్బరు పూత బంతి దొర్లేది. దాని కదలికను కొలవడానికి కరెంటు పెద్దగా అక్కర్లేదు. 1999లో మైక్రోసాఫ్ట్ ఇంటెల్లీమౌస్ ఎక్స్‌ప్లోరర్ వచ్చాక పరిస్థితి మారింది. బంతి స్థానంలో ఎర్రని దీపం, దాని పక్కన సెకనుకు 1500 బొమ్మలు తీసే చిన్న కెమెరా చిప్ చేరాయి. బంతికి పట్టే మురికిని గోటితో గీకే బాధ తప్పింది. అయితే ఈ దీపాన్ని, కెమెరాను తీగలేని మౌస్‌లో పెట్టేసరికి సెల్లు త్వరత్వరగా అయిపోసాగాయి.

ఆ ఇబ్బందికి జవాబుగానే రీఛార్జబుల్ మౌస్ నిలదొక్కుకుంది. 2002లో వచ్చిన లాజిటెక్ ఎంఎక్స్ 700లో రెండు నికెల్ మెటల్ హైడ్రైడ్ పెన్సిల్ సెల్లు ఉండేవి. పని అయ్యాక మౌస్‌ను దాని పీఠం మీద పెడితే తెల్లవారేసరికి ఛార్జింగ్ నిండేది. సెల్లు పాతబడితే మూత తీసి కొత్తవి వేసుకోవచ్చు. రెండేళ్ల తర్వాత, 2004లో, అదే సంస్థ లేజర్ కాంతితో పనిచేసే ఎంఎక్స్ 1000ను విడుదల చేసింది. అందులో లిథియం అయాన్ బ్యాటరీ వాడారు. రెండు నమూనాలకూ మధ్య గడిచింది రెండేళ్లే, కానీ ఆ తర్వాత రీఛార్జబుల్ మౌస్‌ల పరిశ్రమ దాదాపుగా రెండో నమూనా దారినే పట్టింది. బ్యాటరీ మౌస్ శరీరంలో భాగమైపోయింది.

కరెంటు లెక్క

ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. రీఛార్జింగ్ అవసరాన్ని పుట్టించిన కారణం ఆఫీసు మౌస్‌ల విషయంలో క్రమంగా మాయమైంది. సెన్సర్ చిప్‌లు పొదుపుగా పనిచేయసాగాయి. చెయ్యి తీసిన కాసేపటికే నిద్రలోకి జారుకుని, కదిపితే లేచే ఏర్పాటు అన్నింట్లోనూ వచ్చింది. లాజిటెక్ ఎం185 అనే చవక మౌస్ ఒకే పెన్సిల్ సెల్‌తో 12 నెలలు, ఎం705 రెండు సెల్లతో 3 ఏళ్లు నడుస్తాయని తయారీదారు చెబుతున్నాడు. ఏడాదికి ఒక్క సెల్లు తినే వస్తువుకు రీఛార్జబుల్ బ్యాటరీ పెట్టడం వల్ల ఇంటి ఖర్చులో మిగిలేది నామమాత్రం.

కరెంటు ఖర్చూ లెక్కలోకి వచ్చేది కాదు. పేరున్న ఖరీదైన మౌస్ లాజిటెక్ ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్‌లో ఉన్నది 500 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ. 3.7 వోల్టుల దగ్గర లెక్క కడితే అది 2 వాట్ అవర్లలోపే. ఛార్జింగ్‌లో పోయే వృథాను కలిపి 3 అనుకున్నా, ఒక్క యూనిట్ కరెంటుతో 300 సార్లకు పైగా నింపవచ్చు. ఒకసారి నింపితే 70 రోజులు వస్తుందని కంపెనీ మాట. కాబట్టి డబ్బు ఆదా అవుతుందన్న ప్రచారాన్ని చూసి ఎవరూ రీఛార్జబుల్ మౌస్ కొననక్కర్లేదు.

మరి ఎక్కడ అవసరం? ముఖ్యంగా గేమింగ్‌లో. మామూలు మౌస్ తన కదలికను కంప్యూటర్‌కు సెకనుకు 125 సార్లు చెబుతుంది. అంటే 8 మిల్లీసెకన్లకు ఒకసారి. గేమింగ్ మౌస్ సెకనుకు 1000 సార్లు, కొన్ని అంతకన్నా ఎక్కువ సార్లు చెబుతాయి. రేడియో అంతసేపు మేలుకొని ఉండాలి కాబట్టి బ్యాటరీ నెలల్లో కాకుండా గంటల్లో కొలవాల్సి వస్తుంది. పైగా రంగురంగుల దీపాలు వెలిగిస్తే అది ఇంకా తగ్గుతుంది. రోజూ ఆరేడు గంటలు ఆడేవారు వాడిపారేసే సెల్లు కొంటూ పోతే నిజంగానే ఖర్చు, చెత్త రెండూ పెరుగుతాయి. చాలా పల్చగా చేసే బ్లూటూత్ మౌస్‌లలో కూడా లిథియం పొర బ్యాటరీయే ఇముడుతుంది, గుండ్రటి పెన్సిల్ సెల్లుకు అక్కడ చోటుండదు.

వాడకంలో సుఖం

రీఛార్జబుల్ మౌస్ ఇచ్చే అసలైన సుఖం కొత్త సెల్లు కోసం వెతుక్కోనక్కర్లేకపోవడం. రాత్రి పదింటికి పని గడువు ముంచుకొస్తున్నప్పుడు సెల్లు అయిపోతే కిరాణా కొట్టు మూసి ఉంటుంది. అదే రీఛార్జబుల్ అయితే ఫోన్ ఛార్జర్ తీగ ప్రతి ఇంట్లో ఉంది. ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ ఒక్క నిమిషం ఛార్జింగ్‌తో మూడు గంటలు పనిచేస్తుందని తయారీదారు ప్రకటన. ఈ కాలపు మౌస్‌లు చాలావాటిలో ఇలాంటి సదుపాయమే ఉంది.

బరువు రెండో లాభం. ఆల్కలైన్ పెన్సిల్ సెల్లు ఒక్కటే సుమారు 23 గ్రాములు తూగుతుంది. గేమింగ్ మౌస్‌లో వాడే చిన్న లిథియం బ్యాటరీ అందులో సగం కూడా ఉండదు. 2020లో వచ్చిన లాజిటెక్ జీ ప్రో ఎక్స్ సూపర్‌లైట్ మొత్తం బరువు 63 గ్రాములలోపే. రోజంతా పేజీలు దిద్దే డీటీపీ ఆపరేటర్‌కు, బొమ్మలు గీసే డిజైనర్‌కు ఈ తేడా మణికట్టులో తెలుస్తుంది. అయితే రీఛార్జబుల్ అయినంత మాత్రాన తేలిక కాదు. అరచేతికి ఆనేలా పెద్దగా చేసిన ఎంఎక్స్ మాస్టర్ 3ఎస్ 141 గ్రాములు ఉంటుంది. కొనేముందు బ్యాటరీ రకం కన్నా మొత్తం బరువు చూడటం మంచిది.

సెల్లు కారి మౌస్ పాడవడం అన్న బెడద ఇందులో లేకపోవడమూ మేలే. వేసవి సెలవుల్లో వదిలేసిన మౌస్ మూత తీస్తే స్ప్రింగు చుట్టూ తెల్లటి పొక్కు కనిపించడం చాలామందికి ఎదురైన సంగతి. ఆల్కలైన్ సెల్లు నుంచి కారిన పొటాషియం హైడ్రాక్సైడ్ గాలి తగిలి అలా గట్టిపడుతుంది. వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో తడిపిన దూదితో తుడిస్తే కొన్నిసార్లు బాగవుతుంది, రేకు తినేస్తే మాత్రం అవదు. మన కొట్లలో తక్కువ ధరకు అమ్మే సెల్లు చాలావరకు జింక్ కార్బన్ రకం. వాటిలో శక్తీ తక్కువే, కారిపోయే గుణమూ ఎక్కువే.

బ్యాటరీ వయసు

రీఛార్జబుల్ మౌస్ మీద ఉన్న ప్రధాన ఆక్షేపణ ఇదే కాబట్టి కొంచెం వివరంగా చూడాలి.

సోనీ సంస్థ 1991లో బజారుకు తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ ఆధునిక జీవితాన్ని ఎంత మార్చిందంటే, దాని వెనక ఉన్న జాన్ గుడ్‌ఇనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి దక్కింది. ఇలాంటి బ్యాటరీని పూర్తిగా ఖాళీ చేసి పూర్తిగా నింపడాన్ని ఒక ఆవృత్తి అంటారు. మామూలు రకం 300 నుంచి 500 ఆవృత్తుల తర్వాత తన శక్తిలో ఐదో వంతు దాకా కోల్పోతుందని సాధారణ అంచనా.

ఈ అంకె చూసి భయపడేవారు ఒక లెక్క వేసుకోవాలి. 70 రోజులకోసారి ఛార్జింగ్ పెట్టే ఆఫీసు మౌస్‌కు ఏడాదికి ఐదారు ఆవృత్తులే అవుతాయి. ఆ చొప్పున 300 చేరడానికి 50 ఏళ్లు పట్టాలి. పది రోజులకోసారి ఛార్జ్ చేసే గేమింగ్ మౌస్‌కు కూడా 300 ఆవృత్తులు రావడానికి ఎనిమిదేళ్లు పైనే పడుతుంది. అంటే మౌస్ బ్యాటరీని ఛార్జింగ్ చంపదు. దాన్ని చంపేవి వయసు, వేడి, నిర్లక్ష్యం. లిథియం బ్యాటరీ వాడకపోయినా లోలోపల రసాయనికంగా అరుగుతూనే ఉంటుంది. వేడిలోనూ, ఎప్పుడూ నిండా ఉంచినప్పుడూ ఆ అరుగుదల మరింత జోరందుకుంటుంది.

వేడి సంగతి తెలుగు నేల మీద ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. లిథియం అయాన్ బ్యాటరీలకు తయారీదారులు సాధారణంగా సూచించే ఛార్జింగ్ ఉష్ణోగ్రత 0 నుంచి 45 డిగ్రీల లోపు. కిటికీ పక్కన ఎండ పడే బల్ల మీదనో, తలుపులు మూసిన కారులోనో మౌస్‌ను వదిలేస్తే ఆ హద్దు సులువుగా దాటిపోతుంది. చల్లబడిన గదిలో సాయంత్రం పూట ఛార్జింగ్ పెట్టుకోవడం అతి తేలికైన జాగ్రత్త.

నిర్లక్ష్యం ఇంకో రకం. బ్యాటరీ పూర్తిగా ఖాళీ అయ్యాక మౌస్‌ను నెలల తరబడి సొరుగులో పడేస్తే బ్యాటరీ వోల్టేజీ ఇంకా కిందికి జారుతుంది. ఒక స్థాయి దాటాక రక్షణ సర్క్యూట్ దాన్ని మళ్లీ ఛార్జ్ కానివ్వదు. బడి సెలవులకు మూసే కంప్యూటర్ ల్యాబుల్లో, విదేశం నుంచి ఏడాదికోసారి వచ్చే పిల్లల గదుల్లో ఇలాగే మౌస్‌లు చచ్చిపోతాయి. దాచేముందు సగం వరకు ఛార్జ్ చేసి, అడుగున ఉన్న స్విచ్ ఆపి, చల్లని చోట పెట్టడం సరైన పద్ధతి.

బ్యాటరీ నీరసపడినప్పుడు ఏం చేయాలన్నది తర్వాతి ప్రశ్న. పెన్సిల్ సెల్లు మౌస్‌కైతే మూత తీస్తే చాలు. లోపల బిగించిన రకానికి మాత్రం అడుగున జారేందుకు అతికించిన టెఫ్లాన్ పాదాలను ఊడదీయాలి, వాటి కింద దాచిన స్క్రూలు విప్పాలి, సన్నని రిబ్బన్ తీగలు తెగకుండా డొల్ల తెరవాలి. పాదాలు మళ్లీ సరిగ్గా అంటుకోవు. అదే కొలతల బ్యాటరీ దొరకడం ఇంకో పని. మౌస్‌లోని క్లిక్ స్విచ్‌లను కోటి, రెండు కోట్ల నొక్కుళ్లకు తట్టుకునేలా చేస్తున్న పరిశ్రమ, వాటిని నడిపే బ్యాటరీ మూతకు ఒక చిన్న స్క్రూ పెట్టకపోవడం క్షమించదగిన విషయం కాదు. నిజానికి ఇది లిథియం తప్పు కాదు, నమూనా గీసినవారి తప్పు.

బ్యాటరీ ఉబ్బడం అరుదు, కానీ జరుగుతుంది. మౌస్ పై కప్పు పైకి లేచినట్టు అనిపించినా, బటన్ నొక్కుకోకపోయినా, ఛార్జింగ్‌లో చెయ్యి కాలేంత వేడెక్కినా వెంటనే తీగ తీసేయాలి. ఉబ్బిన బ్యాటరీని గుచ్చడం, నొక్కి సరిచేయాలని చూడటం నిప్పుతో చెలగాటమే. లిథియం బ్యాటరీలకు మన దేశంలో ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం నమోదు తప్పనిసరి. ఊరూపేరూ లేని చవక మౌస్‌లను పక్కన పెట్టడానికి అది చాలిన కారణం.

ఛార్జింగ్ పోర్టు ఎక్కడ?

ఛార్జింగ్ పెడుతూనే మౌస్‌ను వాడగలిగితే బ్యాటరీ అయిపోవడం సమస్యే కాదు. పోర్టు ముందువైపు, తీగ ఉండే మౌస్‌కు తీగ వచ్చేచోట ఉంటే ఇది సాధ్యం. ఆపిల్ 2015 అక్టోబర్‌లో విడుదల చేసిన మ్యాజిక్ మౌస్ 2లో పోర్టును అడుగున పెట్టింది. దాంతో ఛార్జింగ్ అవుతున్నంతసేపు మౌస్‌ను వెల్లకిలా పడుకోబెట్టాలి, వాడటం కుదరదు. రెండు నిమిషాలు పెడితే తొమ్మిది గంటలు వస్తుందన్నది సంస్థ సమాధానం. నిజమే, కానీ ఆ రెండు నిమిషాలు పని మధ్యలో ఆగాల్సి రావడానికి వాడేవారి వైపు నుంచి ఏ కారణమూ లేదు. 2024 అక్టోబర్‌లో లైట్నింగ్ పోర్టు తీసి టైప్-సి పెట్టినప్పుడు కూడా చోటు మారలేదు. అంతకుముందు, 2009 నాటి తొలి మ్యాజిక్ మౌస్‌లో రెండు పెన్సిల్ సెల్లు ఉండేవి. వాటిని మార్చడానికి పట్టేది అర నిమిషమే.

పాత మౌస్‌లలోని మైక్రో యూఎస్‌బీ పోర్టు ఒకవైపే ఎక్కుతుంది, చీకట్లో తోస్తే లోపలి నాలుక వంగిపోతుంది. టైప్-సి ఆ బాధ తీర్చింది. అయినా చవక మౌస్‌లలో ఒక లోపం తరచుగా కనిపిస్తుంది. రెండు వైపులా టైప్-సి ఉన్న తీగతో పెడితే అవి ఛార్జ్ కావు. ఛార్జర్‌కు తమ ఉనికి తెలిపే రెండు చిన్న రెసిస్టర్లను తయారీలో ఖర్చు మిగుల్చుకోవడానికి వదిలేయడమే దానికి కారణం. పాతరకం వెడల్పాటి యూఎస్‌బీ మొన ఉన్న తీగతో పెడితే అదే మౌస్ చక్కగా ఛార్జ్ అవుతుంది. మౌస్ పాడైందనుకుని పారేసేముందు ఇది పరీక్షించి చూడాలి. ఫోన్ కోసం కొన్న పెద్ద వాట్ల ఛార్జర్ వల్ల మౌస్‌కు హాని లేదు. సరిగ్గా తయారైన మౌస్ తనకు కావలసినంత కరెంటే తీసుకుంటుంది.

తీగే వద్దనుకునేవారి కోసం 2017లో లాజిటెక్ పవర్‌ప్లే అనే చాప తెచ్చింది. దాని మీద కదులుతుండగానే మౌస్ ఛార్జ్ అవుతుంది. సొగసైన ఏర్పాటే గానీ, చాప ధర మంచి మౌస్ ధరను మించుతుంది, చాపకు మళ్లీ తీగ ఉండనే ఉంటుంది.

పెన్సిల్ సెల్లు దారి

పెన్సిల్ సెల్లు మౌస్‌లో నికెల్ మెటల్ హైడ్రైడ్ రీఛార్జబుల్ సెల్లు వేయడాన్ని చాలామంది మరిచిపోయారు. దానికో కారణముంది. పాతరకం నికెల్ సెల్లు వాడకుండా పెట్టినా నెలలోనే చాలా భాగం ఖాళీ అయిపోయేవి. 2005లో జపాన్ సంస్థ శాన్యో ఎనెలూప్ పేరుతో తెచ్చిన సెల్లు ఆ లోపాన్ని దిద్దాయి. ఏడాది తర్వాత కూడా వాటిలో ఎక్కువ భాగం శక్తి మిగిలే ఉంటుంది. ఇప్పుడు ఇలాంటివి అనేక కంపెనీలవి దొరుకుతున్నాయి. వందల సార్లు ఛార్జ్ చేసుకోవచ్చు, గోడ గడియారానికీ పిల్లల బొమ్మలకూ అవే పనికొస్తాయి. రెండు సెల్లు మౌస్‌లో, రెండు ఛార్జర్‌లో ఉంచుకుంటే పని ఒక్క నిమిషం కూడా ఆగదు.

ఒక చిన్న చిక్కు మాత్రం ఉంది. ఇవి ఇచ్చేది 1.2 వోల్టులు, ఆల్కలైన్ సెల్లు ఇచ్చేది 1.5. అందువల్ల కొన్ని మౌస్‌లు నిండు సెల్లును కూడా సగమే ఉన్నట్టు చూపిస్తాయి, తర్వాత ఉన్నట్టుండి ఆగిపోతాయి. గేమింగ్‌కు కూడా ఈ దారి మూసుకుపోలేదు. 2018లో వచ్చిన లాజిటెక్ జీ305 ఒకే పెన్సిల్ సెల్‌తో, సెకనుకు 1000 సంకేతాల వేగంతో, 250 గంటలు నడుస్తుందని కంపెనీ ప్రకటించింది. బరువు కొంచెం ఎక్కువ, అంతే.

ఎవరికి ఏది తగును

తీగ లేని మౌస్‌లన్నింటికీ ఉన్న ఇబ్బందులు రీఛార్జబుల్ మౌస్‌కూ ఉన్నాయి. ఇప్పుడు ఇవి దాదాపు అన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తాయి. వైఫై, బ్లూటూత్, పక్కనే గుచ్చిన యూఎస్‌బీ 3 పెన్ డ్రైవ్ అడ్డుపడి బాణం గుర్తు గెంతుతుంది. కంప్యూటర్‌కు గుచ్చే రిసీవర్‌ను చిన్న ఎక్స్‌టెన్షన్ తీగతో మౌస్ దగ్గరికి తెస్తే సర్దుకుంటుంది. 2016లో బాస్టిల్ అనే భద్రతా సంస్థ మౌస్‌జాక్ పేరుతో బయటపెట్టిన లోపం వల్ల కొన్ని కంపెనీల రిసీవర్లలోకి దూరం నుంచి దొంగ సంకేతాలు పంపడం సాధ్యమైంది. ఆ కాలపు పాత రిసీవర్లు వాడేవారు వాటి సాఫ్ట్‌వేర్‌ను నవీకరించుకోవాలి.

రోజంతా ఒకేచోట కూర్చుని, మనుషులు మారుతూ పనిచేసే మీసేవ కేంద్రాలకు, జిరాక్స్ షాపులకు, బడి ల్యాబులకు తీగ మౌసే తగినది. అక్కడ ఛార్జింగ్ గుర్తుపెట్టుకునే బాధ్యత ఎవరిదీ కాదు, రిసీవర్ పోతే మౌస్ పోయినట్టే. ఇంట్లో బ్రౌజింగ్, ఉత్తరాలు, లెక్కల పని చేసుకునేవారికి రీఛార్జబుల్ సెల్లు వేసిన మామూలు వైర్‌లెస్ మౌస్ ఎక్కువ కాలం మన్నుతుంది. గేములు ఆడేవారు, రోజూ ఎనిమిది గంటలు డిజైన్ చేసేవారు, ల్యాప్‌టాప్ సంచిలో పల్చని మౌస్ కావలసినవారు లోపల బ్యాటరీ ఉన్న రకం కొనడం సబబే, పోర్టు ముందువైపు ఉంటే. విమాన ప్రయాణంలో దీనితో చిక్కు లేదు. చేతి సంచిలో అనుమతించే 100 వాట్ అవర్ల హద్దు ముందు దీని 2 వాట్ అవర్లు లెక్కలోకి రావు.

చట్టాలు, పారవేత

యూరోపియన్ యూనియన్‌లో 2024 డిసెంబర్ 28 నుంచి తీగతో ఛార్జ్ చేసే మౌస్‌లన్నింటికీ టైప్-సి పోర్టు తప్పనిసరి అయింది. అంతకన్నా ముఖ్యమైనది అక్కడి 2023 నాటి బ్యాటరీ చట్టం. చిన్న పరికరాల బ్యాటరీలను వాడేవారే తీసి మార్చుకునేలా తయారుచేయాలన్న నిబంధన 2027 ఫిబ్రవరి 18 నుంచి అమలు కావాలని అందులో ఉంది. లోపల బిగించే అలవాటును చట్టం ద్వారా సరిదిద్దే ప్రయత్నం ఇది. అక్కడి కోసం మార్చిన నమూనాలు ఇక్కడి బజారుకూ వస్తే తెలుగు వినియోగదారులకూ మేలే.

మన దేశంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు చిన్న బ్యాటరీలకూ వర్తిస్తాయి. వాడేసిన వాటిని వెనక్కి తీసుకుని శుద్ధి చేయించే బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ-వ్యర్థాల నిబంధనలు మిగతా పరికరాన్ని చూసుకుంటాయి. హైదరాబాద్‌లోని సీ-మెట్ సంస్థలో ఎలక్ట్రానిక్ వ్యర్థాల నుంచి లోహాలను వెలికితీసే పద్ధతుల మీద పరిశోధన జరుగుతోంది. కానీ ఇంటి నుంచి ఆ గొలుసులోకి వస్తువు చేరేది వాడినవారి చేతులమీదుగానే. చెత్తబండిలో పడిన లిథియం బ్యాటరీ నలిగితే అక్కడే అంటుకోవచ్చు, దాన్ని ఏరేవారి చేతులు కాలవచ్చు. పాడైన రీఛార్జబుల్ మౌస్‌ను తడి చెత్తలోనూ పొడి చెత్తలోనూ వేయకండి. విడిగా ఒక డబ్బాలో ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి గానీ ఆ కంపెనీ సేకరణ కేంద్రానికి గానీ అప్పగించండి.